బ్రేకు మాస్టారి ఎడమ చెయ్యి

ఈ భూమ్మీద బ్రేకు వెయ్యడం తనొక్కడికే తెలుసని నమ్మే పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు. ఆ స్కూలు కారులో నేర్చుకునేవాడి కాళ్ళ దగ్గర ఒక బ్రేకు, పక్కన కూర్చునే ఈయన కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు ఉంటాయి. మొదటిది అలంకారానికి. ఎదురుగా కుక్క తోక ఊపినా చాలు, నేర్చుకునేవాడు చూసేలోపే ఈయన తన బ్రేకు తొక్కేసి, "కళ్ళు నెత్తికెక్కాయా?" అని అరుస్తాడు. అందుకే వీధంతా ఆయన్ని బ్రేకు మాస్టారు అంటుంది. అదేదో బిరుదని ఆయన అనుకుంటాడు.

కాళ్ళ దగ్గర ఇంత బ్రేకున్న మనిషికి నోటి దగ్గర మాత్రం లేదు. షుగరు వచ్చి ఏళ్ళయింది. మాత్రలు మింగుతాడు, మాత్ర చేదు పోవడానికి ఒక బిస్కెట్ తింటాడు, బిస్కెట్ ఒంటరిగా వెళ్ళకూడదని దానికి తోడు ఇంకోటి పంపిస్తాడు. అడిగితే, "నేనేం తింటున్నానే? గాలి పీల్చి బతుకుతున్నాను" అంటాడు, మీసాల మీద క్రీముతో.

ఆఖరికి డాక్టరమ్మ విసిగిపోయి ఎడమ చేతికి, మోచేతి పైన వెనకవైపు, ఒక బిళ్ళ అంటించమంది. చొక్కా బొత్తం కంటే కాస్త పెద్దది. దాని అడుగున వెంట్రుకలాంటి తీగ చర్మం కిందికి దిగి ఉంటుంది. ఒంట్లో చక్కెర ఎంతుందో అది ఫోనుకి చెబుతూనే ఉంటుంది. ఎక్కుతుంటే బాణం పైకి, దిగుతుంటే కిందికి, మరీ పడిపోతే అలారం. ఒక ఫోను చాలదన్నట్టు ఇంకో ఫోనుక్కూడా చెబుతుంది. ఆ ఇంకో ఫోను ఆయన భార్యది.

బిళ్ళ అంటిస్తూ నర్సమ్మ, "ఈ చెయ్యి మీద ఒత్తిగిలి పడుకోకండి సార్. నొక్కుకుపోతే ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది" అంది. ఆ సమయానికి భార్య బయట కౌంటర్ దగ్గర నిలబడి ఉంది. మాస్టారేమో కిటికీలోంచి కింద ఎవడో కారు వంకరగా పెట్టడం చూసి పళ్ళు నూరుతున్నాడు. మాట చెవిన పడింది కానీ బుర్ర దాకా వెళ్ళలేదు. అక్కడ ఎప్పుడూ ట్రాఫిక్ జామే.

ఆ మర్నాడే ఆయన స్వాతంత్ర్యం పోయింది. స్కూలు ఆఫీసులో తలుపేసుకుని కేకు ముక్క నోట్లో పెట్టుకున్నాడో లేదో ఫోను మోగింది.

"ఏం తింటున్నారు?"

"ఏం లేదే."

"రెండువందల ముప్ఫై. బాణం నిట్టనిలువుగా ఉంది."

"ఎండలో నిలబడ్డానే. ఎండకి ఎక్కుతుందట."

"ఆ ఎండకి క్రీముందా?"

మాస్టారు కేకుని మింగలేక, కక్కలేక కాసేపు బుగ్గన పెట్టుకున్నాడు. జాము సీసాలో వేలు పెట్టినా, స్టూడెంటు పెళ్ళిలో ఐస్‌క్రీమ్ ముట్టుకున్నా ఇదే వరస. "ఇంట్లో పోలీసుంటే బయటికి పారిపోవచ్చు. పోలీసు ఒంటికే అంటుకుంటే ఎక్కడికి పోవాలయ్యా?" అని కనబడ్డవాడికల్లా చొక్కా చెయ్యి పైకెత్తి చూపించేవాడు. ఎవరూ జాలిపడలేదు. ఆయన చేత తిట్లు తినని మనిషి ఆ వీధిలో లేడు మరి.

భార్య కోల్డ్ స్టోరేజీలో పనిచేస్తుంది. పండ్లు, మందులు దాచే పెద్దపెద్ద చల్లటి గదులు. ఏ గది ఎంత చల్లగా ఉందో తెరమీద గీతల్లో కనిపిస్తుంది. ఆ గీతలు చూడడమే ఆవిడ ఉద్యోగం. మాస్టారి దృష్టిలో అది కూర్చుని గీతలు చూసే పని. "మేం రోడ్డు మీద ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని చేసేది ఉద్యోగం" అనేవాడు. ఆయన పక్కన కూర్చున్నవాళ్ళ ప్రాణాల సంగతి మాత్రం ఎత్తేవాడు కాదు.

ఒక సెలవు రోజు మధ్యాహ్నం ఆయన సోఫాలో ఎడమపక్కకి తిరిగి గుర్రు పెడుతున్నాడు. ఉన్నట్టుండి రెండు ఫోన్లూ ఒక్కసారి గోల పెట్టాయి. యాభై ఎనిమిది! భార్య వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. "ఏవండీ, ఏవండీ!" అని భుజం కుదిపింది. మళ్ళీ లోపలికి పరిగెత్తి, నిమ్మరసంలో గుప్పెడు చక్కెర కలిపి తెచ్చి ఆయన తల ఎత్తి తాగించింది. ఆ తొందరలో గ్లాసులో సగం ఆయన చొక్కా మీదే పడింది. తాగించాక అరచేతులు రుద్దుతూ పక్కనే కూర్చుంది. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

మాస్టారు ఆ కళ్ళు చూడలేదు. గ్లాసు చూశాడు. అడుగున కరగని చక్కెర ఉంది. దాన్ని వేలితో తీసి నాకాడు. భార్య వద్దనలేదు. వద్దనకపోగా, "ఇంకాస్త కలపనా?" అంది.

ఆ మాటకి బుర్రలో ట్రాఫిక్ జామ్ విడిపోయింది. నర్సమ్మ చెప్పిన ముక్క బయటికొచ్చింది. చెయ్యి నొక్కితే అంకె పడుతుంది. అంకె పడితే అలారం మోగుతుంది. అలారం మోగితే, కేకు పేరెత్తితే కరిచే ఈ భార్యే తన చేత్తో చక్కెర పోస్తుంది. పైగా ఈ రహస్యం ఇంట్లో తనొక్కడికే తెలుసు. జీవితంలో మొదటిసారి ఆయనకు వైద్యశాస్త్రం మీద గౌరవం కలిగింది.

ఆ రోజు నుంచి మాస్టారి ఎడమ చేతికి క్షణం తీరిక లేదు. టీవీ ముందు దాన్ని సోఫా చేతికీ డొక్కకీ మధ్య ఇరికించేవాడు. పేపరు చదువుతూ బీరువాకి ఆనించేవాడు. ఒక చల్లటి సాయంత్రం రబ్బరు పట్టీ కూడా కట్టి చూశాడు కానీ, వేళ్ళు నీలంగా మారేసరికి నిజంగానే భయపడి విప్పేశాడు. కాసేపు నొక్కితే చాలు, అంకె మెట్లు దిగి, అలారం మోగి, గ్లాసు వచ్చేది.

నటన కూడా నేర్చుకున్నాడు. షుగరు పడిపోతే చేతులు వణుకుతాయని ఎక్కడో విన్నాడు కదా, కుడి చెయ్యి వణికించేవాడు. గేరు రాడ్డు పట్టుకున్నట్టు ముందుకీ వెనక్కీ వణికేది. ఎడమ చెయ్యి వణికేది కాదు, అది నొక్కే పనిలో ఉండేది. "కళ్ళు... చీకట్లు... గ్లాసు..." అని మూలిగేవాడు. కళ్ళు చీకట్లు కమ్మినవాడికి గ్లాసు వచ్చే దిక్కు మాత్రం బాగానే తెలిసేది.

ఇందులో తెలివితేటలేమీ లేవు. భార్య భయాన్ని చక్కెరలా కలుపుకుని తాగడం, అంతే. ఆ సంగతి ఆయనకు తట్టలేదు. తట్టే మనిషైతే నలుగురూ ఆయన్ని అసలు పేరుతోనే పిలిచేవాళ్ళు.

నాలుగైదు గ్లాసులయ్యాక చిన్న అనుమానం వచ్చింది. "ఏమే, నిమ్మకాయ జాతి మారినట్టుంది. నాలిక మీద ఏదోగా ఉంది."

"కొత్త రకం" అంది భార్య.

"తీపికి లోటు లేదులే."

"లోటు చేస్తానా?"

ఇంకో వింత కూడా జరిగింది. మొదటి రోజు తాగినప్పుడు అంకె రెండువందల నలభైకి ఎగిరింది. ఇప్పుడు గ్లాసు ఖాళీ చేసినా నూట ఇరవై దగ్గర బుద్ధిగా కూర్చుంటోంది. ఇంకొకడైతే ఆలోచించేవాడు. మాస్టారు ఉపన్యాసం ఇచ్చాడు.

"చూశావా? ఒంటికి అలవాటు చేశాను. చక్కెరని చక్కెరతోనే లొంగదీయాలి. డాక్టర్లకి ఏం తెలుసు, పుస్తకాలు చదువుకుని వచ్చారు."

"అవునండీ. తాగగానే ఎలా ఉంటుంది మీకు?"

"ఒంట్లోకి పెట్రోలు పోసినట్టుంటుంది."

"అలాగా" అంది భార్య. గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళింది. లోపల్నుంచి దగ్గు వినిపించింది. అది దగ్గేనని మాస్టారు అనుకున్నాడు.

ధైర్యం వచ్చినకొద్దీ ఆశ పెరిగింది. "నిమ్మరసం కంటే కేకు త్వరగా పనిచేస్తుందట" అని ఒక ఆదివారం మూలుగుతూనే ప్రకటించాడు.

"ఎవరన్నారు?"

"పరిశోధకులు."

"అయితే వాళ్ళనే అడుగుదాం" అని భార్య అప్పటికప్పుడు డాక్టరమ్మకి ఫోన్ చేసింది. మాస్టారు లోపల ఎగిరి గంతేశాడు. కేకుకి చీటీ రాసిస్తారని ఆయన నమ్మకం.

మర్నాడు ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆయన ఫోనులో గీతని ముందుకీ వెనక్కీ జరిపి చూసింది. మాస్టారి భార్య వైపు ఒకసారి చూసింది. గొంతు సవరించుకుంది.

"రోజూ ఇలా పడిపోతోందా?"

"రోజూ డాక్టరమ్మా! ఒక్కోరోజు రెండుసార్లు" అన్నాడు మాస్టారు గర్వంగా. "మాత్ర తగ్గిస్తారా?"

"మాత్రల జోలికి వెళ్ళకండి. మీరేం చేస్తుంటారు?"

"డ్రైవింగ్ స్కూలు. మీకూ నేర్పిస్తాను, చూస్తే మీరు బ్రేకు సరిగ్గా వేసే మనిషిలా లేరు."

"ఇంత తరచుగా షుగరు పడిపోయే మనిషి కారు నడపకూడదండీ. రోడ్డు మీద కళ్ళు తిరిగితే మీరొక్కరే కాదు, ఇంకెవరో కూడా పోతారు. వరసగా మూడు వారాలు ఒక్కసారి కూడా పడిపోకుండా ఉంటే అప్పుడు చూద్దాం."

"నేను నడపను, పక్కన కూర్చుంటాను!"

"మీ కాలి కింద బ్రేకుందిగా?" అంది భార్య. "కళ్ళు చీకట్లు కమ్మినప్పుడు అది తొక్కితే?"

మాస్టారు నోరు తెరిచాడు. నిజం చెబితే నిమ్మరసం పోతుంది, పరువు పోతుంది, డాక్టరమ్మ చేత చీవాట్లు కూడా. చెప్పకపోతే కారు పోతుంది. ఆలోచించి ఆలోచించి నోరు మూసుకున్నాడు. ఇంటికి ఆటోలో వచ్చారు. కారు తాళాలు భార్య హ్యాండ్‌బ్యాగులోకి వెళ్ళాయి.

మూడు వారాలేగా, చెయ్యి నొక్కకుండా ఉంటే సరి అనుకున్నాడు. కానీ పాపం, ఇన్నాళ్ళ సాధనతో ఆ చెయ్యి దానంతటదే సందుల్లోకి దూరడం నేర్చుకుంది. మూడో రోజు కుర్చీలో కునుకు పట్టింది. నిద్రలో ఎడమపక్కకి ఒరిగాడు. అలారం!

"నేను కాదే! నేనేం చెయ్యలేదు!" అని అరుస్తూ లేచాడు.

"మీరు చేస్తారని ఎవరన్నారు? జబ్బు కదా" అంది భార్య, గ్లాసు అందిస్తూ. "మళ్ళీ మొదటి నుంచి మూడు వారాలు."

అప్పటి నుంచి మాస్టారు పడుకోవడం మానేశాడు. గోడకి చేరబడి, ఎడమ చెయ్యి గాల్లోకి పెట్టుకుని, ఎడమవైపు తిరగబోతున్నానని సైగ చేస్తున్న మనిషిలా కునికేవాడు. ఇన్నాళ్ళూ దొంగ జబ్బుతో హాయిగా ఉన్నవాడికి ఇప్పుడు నిజంగా నిద్రలేని జబ్బు పట్టుకుంది.

ఈలోపు స్కూలు సంగతి చూడండి. పక్క వీధిలో ఇంకో డ్రైవింగ్ స్కూలుంది. ఒకావిడ నడుపుతుంది. మాస్టారు ఆవిడకి నిదానం మేడమ్ అని పేరు పెట్టాడు. ఆవిడ కాళ్ళ దగ్గరా బ్రేకుంది కానీ, ఆవిడ దాని మీద కాలు ఊరికే ఆనించి కిటికీలోంచి ఊరు చూస్తూ కూర్చుంటుంది. "అది నేర్పడమా? షికారు!" అని మాస్టారు వెక్కిరించేవాడు. ఆయన శిష్యులు ఒక్కొక్కరే ఆ షికారుకి వెళ్ళారు. వెళ్ళినవాళ్ళు తిరిగి రాలేదు. ఒకడు దారిలో కనబడి, "మాస్టారూ, కారుకి మూడో గేరు కూడా ఉంటుందని నాకు మొన్ననే తెలిసింది" అన్నాడు.

ఆ కడుపుమంట చల్లారకముందే భార్య ఇంకో కబురు చెప్పింది.

"నేనూ మేడమ్ దగ్గర చేరాను."

"దేనికి?"

"ఇంట్లో ఒక్కరైనా కారు నడపాలిగా. రేపు మీరు నిజంగా పడిపోతే ఆసుపత్రికి తీసుకెళ్ళేదెవరు?"

మాస్టారు పగలబడి నవ్వాడు. పెళ్ళైన కొత్తలో ఒక సాయంత్రం ఆవిడకి నేర్పాడు. వీధి చివర చేరేలోపు ఎన్నిసార్లు బ్రేకు తొక్కాడంటే, ఆవిడ కారు దిగి ఇంటికి నడిచి వచ్చేసింది, కారు కంటే ముందే. "బండరాయికైనా నేర్పగలను కానీ మా ఆవిడకి నేర్పలేను" అన్నది ఆ తర్వాత ఆయన ప్రతి బ్యాచికీ చెప్పే జోకు. శిష్యులు నవ్వేవాళ్ళు. నవ్వకపోతే బ్రేకు తొక్కేవాడు.

లైసెన్సు పరీక్ష రోజు పిలవకుండానే వెళ్ళి గోడ పక్కన నిలబడ్డాడు. బండి ఆగిపోవాలని కోరుకున్నాడు. ఆగలేదు. పోనీ, వెనక్కి వచ్చేటప్పుడు కర్రకి తగలాలనుకున్నాడు. తగల్లేదు. ఎత్తు మీద ఆపి మళ్ళీ కదిలినప్పుడు బండి అంగుళం కూడా వెనక్కి జారలేదు. గోడ ఇవతల మాస్టారి కుడికాలు మాత్రం మొదటి నుంచి చివరిదాకా ఉత్త నేలని తొక్కుతూనే ఉంది.

వారం తర్వాత డాక్టరమ్మ మళ్ళీ రమ్మంది. భార్య స్టీరింగు ముందు కూర్చుంది. మాస్టారు పక్క సీట్లో, ఏళ్ళ తరబడి కూర్చున్న తన సీట్లోనే, మొదటిసారి ప్రయాణికుడిలా కూర్చున్నాడు. స్కూల్లో ఇంక ఒక్క శిష్యుడు మిగిలాడు, వాడూ మేడమ్ గారి నెంబరు అడుగుతున్నాడు. కునుకులో చెయ్యి ఎక్కడో నొక్కుకుపోయి లెక్క మళ్ళీ మళ్ళీ మొదటికొస్తోంది, మూడు వారాలు ఇంకా పూర్తి కాలేదు. ఇవాళ కూడా డాక్టరమ్మ కాదంటే స్కూలు బోర్డు దింపుకోవాల్సిందే. 

"ఏమే, ఒక మాట. అరవకూడదు."

"చెప్పండి."

"ఆ పడిపోవడాలున్నాయే... అవేవీ నిజం కాదు. నేనే చెయ్యి నొక్కుకునేవాణ్ణి."

"తెలుసు" అంది భార్య, గేరు మారుస్తూ.

"తెలుసా! ఎప్పట్నుంచి?"

"రెండో రోజు నుంచి. మా స్టోరేజీలో గది నిజంగా చల్లబడితే గీత మెల్లగా వంగుతుంది. గోతిలో పడ్డట్టు పడి, మళ్ళీ నిలువుగా లేచిందంటే చల్లదనం కొలిచే తీగ మీద ఎవడో పెట్టె పెట్టాడని అర్థం. పైగా మీ షుగరు సరిగ్గా నేను టీ పెట్టే వేళకే పడింది. అనుమానమొచ్చి నర్సమ్మని అడిగాను. 'సార్‌కి ఆ రోజే చెప్పాను కదండీ' అంది."

"మరి నిమ్మరసం?"

"చక్కెర లేకుండా తీపి చేసే చుక్కలు అమ్ముతారు. రెండో రోజు నుంచి అవే. మీకేమో పెట్రోలు పోసినట్టుండేది."

మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. "అంతా తెలిసీ కారెందుకు లాక్కున్నావు? డాక్టరమ్మక్కూడా తెలుసా?"

"తెలుసు. మీరు అబద్ధమని చెప్పేదాకా నిజమనే అనుకుందామంది."  భార్య గొంతు మారింది. "మొదటి రోజు అలారం మోగినప్పుడు నా ప్రాణం పోయిందండీ. మిమ్మల్ని కుదిపితే మీరు వెంటనే కళ్ళు తెరవలేదు. ఆ నిమిషం నేనెలా ఉన్నానో మీకు తెలీదు. దాన్ని మీరు ఆటగా పెట్టుకున్నారు. రేపు నిజంగా పడిపోతే నేను పరిగెత్తుకు రావాలా, దొంగ వేషమని కూర్చోవాలా? చెప్పండి."

  మాస్టారికి నిజంగా సిగ్గేసింది. "తప్పయింది" అన్నాడు, బొత్తాలకి చెబుతున్నట్టు కిందికి చూసి.

అలా కిందికి చూసినవాడు మళ్ళీ తలెత్తేసరికి ఎదురుగా నాలుగు రోడ్ల కూడలి. అడ్డంగా ఒక లారీ! సిగ్గు గిగ్గు అన్నీ ఎగిరిపోయి, కుడికాలు దానంతటదే లేచి తన బ్రేకు మీద బలంగా దిగింది.

ఏమీ జరగలేదు. బ్రేకు మెత్తగా కిందికి వెళ్ళి, మెత్తగా పైకి వచ్చింది. ఇంకోసారి తొక్కాడు. ఇంకోసారి. "బ్రేకు! బ్రేకు పోయిందే!" అని కేకలు పెట్టాడు. ఈలోపు భార్య తన బ్రేకు తనే వేసింది. కారు గీత వెనక పద్ధతిగా ఆగింది. లారీ తన దారిన తను వెళ్ళింది.

"పోలేదు, నిన్న మెకానిక్ చేత మీ బ్రేకు తీగ విప్పించాను" అంది. "నొక్కుకోండి. మీకు నొక్కడం అలవాటేగా. ఇది కూడా ఉత్తుత్తిదే."

"మళ్ళీ ఎప్పుడు పెట్టిస్తావు?"

"మూడు వారాలు అలారం మోగకూడదు. మోగితే ముందు వేలికి సూది, నెత్తుటి చుక్కతో చూసి నిజమని తేలాకే గ్లాసు. అప్పటిదాకా ఇంతే."

ఆసుపత్రి ముందు రెండు కార్ల మధ్య ఇరుకు జాగా ఒకటే ఉంది. ఒక్క విసురులో కారుని అందులోకి చేర్చింది. మాస్టారు తల బయటపెట్టి ఇటూ అటూ చూశాడు. వంక లేదు. వంక లేకపోవడం ఆయనకు బొత్తిగా నచ్చలేదు. ఫోను చూసుకున్నాడు. నూట పన్నెండు, బాణం అడ్డంగా. ఇన్ని రోజులుగా ఒంట్లోకి చక్కెర పోలేదాయె, అది కూడా ఆవిడ పుణ్యమే.

భార్య దిగి తలుపు వేసింది. ఆయన దిగలేదు. ఎవరూ చూడట్లేదనుకుని ఆ చచ్చిన బ్రేకుని మెల్లగా ఇంకోసారి తొక్కి చూస్తున్నాడు.

కిటికీ అద్దం మీద టకటకమని చప్పుడైంది.

"దిగుతారా, నిమ్మరసం తెమ్మంటారా?"